ఎవరూ అడగని పనులు

కుప్పం స్టేషన్లో రైలు దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. చలి. నా దగ్గర ఒక కిట్ సంచి, ఒక కంబళి, ఒక క్వినైన్ సీసా, సంతకాలున్న ఒక కాగితం ఉన్నాయి. అస్సాం అడవుల్లో మలేరియా పట్టి ఆసుపత్రుల వెంబడి తిరిగి వచ్చాను. చివరి ఆసుపత్రిలో డాక్టరు నన్ను కిందికీ పైకీ చూసి, ఇతను యుద్ధానికి పనికిరాడు, టెలిఫోనుకు పనికొస్తాడు అని రాశాడు. ఆ టెలిఫోను ఎక్కడుందయ్యా అంటే పుంగనూరు అన్నారు. మాది రామసముద్రం. పుంగనూరికి పెద్ద దూరం కాదు. ఇన్నేళ్ళ యుద్ధంలో సర్కారు నాకు చేసిన మేలు అదొక్కటే.

గూడ్స్ షెడ్డు ముందు సప్లయి లారీ నిలబడి ఉంది. అది ప్రతి గురువారం కుప్పంలో బియ్యం, కందిపప్పు, కిరసనాయిలు ఎక్కించుకుని పుంగనూరులో కొంత దించి, మదనపల్లె పోయి, రాత్రి అక్కడ ఆగి శుక్రవారం తిరిగి వస్తుంది. ముందు సీట్లో డ్రైవరు, పక్కన ఆయన బావమరిది. వెనక బియ్యం మూటల మీద నేను. పలమనేరు దాటాక ఎండ వచ్చింది. పుంగనూరు చేరేసరికి నా మీసాలు కూడా ఎర్రమట్టి రంగుకు తిరిగాయి.

మా పోస్టు ఊరి బయట ఒక బండగుట్ట మీద. పైన ఒక పెంకుల గది, ఇసుక మూటలు పేర్చిన కావలి దిబ్బ, ఒక రేకుల షెడ్డు, ఒక చింతచెట్టు. చింతకొమ్మకు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీసి ఉంది. గుట్ట కింద పది పన్నెండు ఇళ్ళు, ఒక పెద్ద బావి, రాగి చేలు, మిరప మడులు.

చెయ్యాల్సిన పని ఒక్క మాటలో చెప్పొచ్చు. ఆకాశం చూడాలి. సముద్రం మీది నుంచి జపాను విమానాలు బెంగుళూరు మీదికి పోతే మా నెత్తిన పోవాలని పెద్దవాళ్ళ లెక్క. విమానం కనబడినా, వినబడినా మదనపల్లె ఆఫీసుకు టెలిఫోను చెయ్యాలి. వాళ్ళు బెంగుళూరికి చేస్తారు. ముందే చెప్పేస్తున్నాను, నేనున్నన్నాళ్ళూ జపాను విమానం ఒక్కటీ రాలేదు. బాంబుల కోసం చదివేవాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

మొత్తం ఆరుగురం. పూర్తి మనిషి ఒక్కడూ లేడు. హవల్దారు మునెప్పది రామకుప్పం వైపు. మోకాలు దెబ్బతిని కుంటేవాడు. వంటాయన రంగప్ప కన్నడం కలిపి మాట్లాడేవాడు. ఆయనకు పాదాలు చదునుగా ఉన్నాయని కవాతుకు పనికిరాడన్నారు. విమానాల చప్పుడు వినే కావలి సిపాయి ఖాదరుకు ఒక చెవి పనిచెయ్యదు. పనిచేసే చెవిని తూర్పుకు తిప్పి కూర్చునేవాడు. ఇంకొక సిపాయి ఎప్పుడూ నిద్రపోతూనో, నిద్రకు సిద్ధమవుతూనో ఉండేవాడు. లాన్స్ నాయక్ యేసురత్నం మదనపల్లె మిషన్ బడి పంతులు గారి కొడుకు. సన్నగా, పొడుగ్గా, చెప్పిన పనిని చెప్పినట్టు చేసే మనిషి.

గదిలో గోడకు ఒక నల్లబల్ల, దాని మీద రోజువారీ పనులు. అది చదివితే నాకు మళ్ళీ జ్వరం వచ్చినట్టయింది. పొద్దున్నే గ్యాసు ముసుగులు ఎండలో ఆరబెట్టాలి. నిప్పు బకెట్లలో నిన్నటి నీళ్ళు పారబోసి ఇవాళ్టి నీళ్ళు కింది నుంచి మోసి పొయ్యాలి. చింతచెట్టు కింద ఒక మనిషి ఉండి గంటగంటకూ రైలు పట్టా కొట్టాలి, కాపలావాడు మేలుకునే ఉన్నాడని తెలియడానికి. మధ్యాహ్నం విమానాలు లేవని టెలిఫోను చెయ్యాలి. శనివారం దారి పక్క రాళ్ళకు సున్నం కొట్టాలి. సోమవారం బూట్ల లెక్క చెప్పాలి. ఆకాశం చూడ్డం ఆ బల్ల మీద ఎక్కడో మధ్యలో ఉండేది.

ఇవన్నీ ఒక ఎత్తు, షెడ్డు కాపలా ఒక ఎత్తు. రాత్రీ పగలూ ఒక మనిషి తుపాకీ పట్టుకుని రేకుల షెడ్డు ముందు నిలబడాలి. నేను వచ్చిన సాయంత్రం ఖాదరు నిలబడి ఉన్నాడు.

"లోపల ఏముండాది?" అన్నాను.

"ఏమీ లేదు. పెట్రోలు పీపాలు ఉండె. పోయిన ఏడే కుప్పానికి ఎత్తకపాయిరి."

"మరి దేనికి కాపలా?"

ఖాదరు వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు. "తాళానికి," అన్నాడు.

నేను చేరిన నెలలోనే యేసురత్నం సంగతి తెలిసింది. ఆయన భార్య సుగుణమ్మకు క్షయ. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో ఉంది. ఆ రోజుల్లో దానికి వైద్యమంటే మంచం మీద నెలల తరబడి కదలకుండా పడుకోవడం, పాలు, గుడ్లు, మంచి గాలి. ఆమె పడుకునే ఉంది. కానీ పక్క మంచం మనిషి పోయింది. దాంతో బెదిరిపోయి ఇంటికి పోతానని రోజూ ఏడుపు. ఇంటికి పోతే బతకదని డాక్టరమ్మ చెప్పింది. నర్సమ్మ లారీ డ్రైవరు చేత కబురు పంపింది. వారానికొక తూరి మొగుడు మొహం చూపిస్తే ఆమె నిలబడుతుంది, లేకపోతే మేము ఆపలేము అని.

మదనపల్లె ఎంత దూరం? లారీ ఎక్కితే రెండు గంటలు. గురువారం పోయి శుక్రవారం రావచ్చు. హవల్దారు టెలిఫోను తీసుకుని మదనపల్లె ఆఫీసులో ఉండే కెప్టెన్‌ని అడిగాడు. తీగ కలిపింది నేనే కాబట్టి జవాబు నేనూ విన్నాను.

"మీరు ఆరుగురు. పనులు చూస్తే పది మందికి సరిపోయేటన్ని ఉన్నాయి. ఒకణ్ణి వదిలితే అవి ఎవరు చేస్తారయ్యా? సెలవు లేదు," అన్నాడు కెప్టెన్.

యేసురత్నం గడప బయట నిలబడి ఉన్నాడు. హవల్దారు మొహం చూసి, పోయి రాళ్ళకు సున్నం కొట్టాడు. ఆ రోజు శనివారం. పెళ్ళాం చావుబతుకుల్లో ఉంటే ఈ మనిషి బండరాళ్ళకు సున్నం కొడుతున్నాడే అనిపించింది.

దారి చూపింది నా మలేరియా. మరుసటి వారం నన్ను మళ్ళీ వణికించి మంచాన పడేసింది. మూడు రోజులు ఒళ్ళు తెలియలేదు. నాలుగోనాడు లేచి కూర్చోగానే గుర్తొచ్చింది. మధ్యాహ్నం టెలిఫోను ఎవరూ చెయ్యలేదు. మూడు రోజులుగా విమానాలు లేవని మదనపల్లెకు తెలియదు. నేను గోడ పట్టుకుని లేచి హవల్దారు దగ్గరికి పోయి చెప్పాను.

ఆయన బీడీ నోట్లోంచి తీశాడు. "ఎవురన్నా అడిగినారా?"

"లేదన్నా."

"మూడు దినాలూ?"

"ఎవురూ అడగలేదు."

ఆయన మళ్ళీ బీడీ నోట్లో పెట్టుకుని చింతచెట్టు వైపు, బకెట్ల వైపు, షెడ్డు వైపు ఒక్కొక్కటిగా చూశాడు. సంతలో ఎద్దును చూసినట్టు చూశాడు. తర్వాత అందరినీ పిలిచాడు.

"మా ఊర్లో రాగి చేన్లోకి ఏనుగు వొస్తాది," అన్నాడు. "ఏనుగు ముందర ఉరకగూడదు, అరవగూడదు. మెల్లగా పక్కకు జరగాల. పనులు కూడా అంతే. ఈ పని వద్దు సార్ అని అడిగినామనుకో, ఇంకో రెండు పనులు నెత్తిన పెడతారు. కాబట్టి అడిగేది లేదు. మెల్లగా పక్కకు జరుగుదాం. ఒక్కో తూరికి ఒక్కటే పని. పదైదు దినాలు సూద్దాం. ఎవురన్నా అడిగితే, ఇదో సేస్తాండాం సార్ అని సేసేద్దాం. ఎవురూ అడక్కపోతే ఆ పని సచ్చింది."

"దేనికన్నా ఇదంతా?" అన్నాడు నిద్రపోయే సిపాయి.

"ఒక మనిషి మిగలాల. గురువారం ఒక మనిషి మిగిలితే ఆ మనిషి లారీ ఎక్కుతాడు."

యేసురత్నం తల వంచుకున్నాడు. "నా కోసరం మీరు చిక్కుల్లో పడొద్దన్నా," అన్నాడు.

"నీ కోసరం కాదులేప్పా. నాకు ఆ షెడ్డును సూస్తే ఒళ్ళు మండుతాది," అన్నాడు హవల్దారు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాడు. ఆకాశం చూసే మనిషి, టెలిఫోను దగ్గరి మనిషి ఎప్పుడూ ఉండాలి. ఆ రెంటి జోలికి పోయినవాణ్ణి తానే కుంటికాలితో తంతానన్నాడు.

మధ్యాహ్నం టెలిఫోను ముందే పోయింది. తర్వాత నిప్పు బకెట్లు. నీళ్ళు మార్చడం మానేశాం. ఎవరూ అడగలేదు. పదిహేను రోజులయ్యాక రంగప్ప బెల్లం పాయసం వండాడు.

"ఏమి విశేషం?" అన్నాను.

"బకెట్ల దినం," అన్నాడు రంగప్ప. "సచ్చినోళ్ళకు దినం పెట్టకపోతే మళ్ళా వొస్తారప్పా."

అప్పటి నుంచి అది ఆచారమైపోయింది. పని చచ్చిందంటే పాయసం. సున్నం పోయింది, పాయసం తాగాం. గ్యాసు ముసుగులు పోయాయి, పాయసం తాగాం. ఖాదరు ఒకసారి, ఈ వారం ఏదీ చావలేదా అని బెంగగా అడిగాడు.

ఒక్కటి మాత్రం చావలేదు. సోమవారం బూట్ల లెక్క. అది మానిన సాయంత్రానికే టెలిఫోను మోగింది. మదనపల్లె గుమాస్తా గొంతు.

"బూట్ల లెక్క యాడ?"

"ఇదో ఇస్తాండాం సార్. పన్నెండు జతలు."

"పోయిన వారం పదమూడన్నారే?"

వంట గదిలో రంగప్ప పొయ్యి వెనక ఆరబెట్టిన జత దొరికేదాకా ఆయన టెలిఫోను పెట్టలేదు. జపాను వాళ్ళు ఏమయ్యారో అడగలేదు. నేను చచ్చానో బతికానో అడగలేదు. బూట్లు అడిగారు. సైన్యానికి ప్రాణం ఎక్కడుందో ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత బూట్ల లెక్క ఆదివారమే తయారుగా పెట్టుకునేవాళ్ళం.

షెడ్డు కాపలా మానడానికి అందరికీ భయం వేసింది. తుపాకీ కాపలా అంటే మాటలు కాదు. హవల్దారు మెల్లగా జరిగాడు. మొదట పగటి కాపలా తీసేశాడు. అడగలేదు. తర్వాత రాత్రి కాపలా. అదీ అడగలేదు. ఆ రోజు పాయసంలో జీడిపప్పు కూడా పడింది. ఇన్నాళ్ళుగా మమ్మల్ని పీల్చి పిప్పిచేసిన పని అంత సుళువుగా పోతుందని ఎవరమూ అనుకోలేదు. నిద్ర అంటే ఏమిటో మళ్ళీ తెలిసింది.

ఆ గురువారమే యేసురత్నం లారీ ఎక్కాడు. కొత్తగా ఉతికిన చొక్కా. రంగప్ప ఒక గుడ్డలో ఆరు కోడిగుడ్లు కట్టిచ్చాడు. శుక్రవారం తిరిగొచ్చి దుర్భిణి మెళ్ళో వేసుకుని నేరుగా కావలి దిబ్బ ఎక్కబోయాడు. హవల్దారు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"యెట్లుండాది సుగుణమ్మ?"

"నన్ను సూసి కోప్పడింది," అన్నాడు యేసురత్నం. "ఇన్నాళ్ళు యాల రాలేదని. మళ్ళా గురువారం వొస్తానంటే, సరే, ఆ గురువారం దాకా ఉంటానంది."

అంతే. గురువారం దాకా. మళ్ళీ గురువారం దాకా. సుగుణమ్మ ప్రాణం అలా వారం వారం నిలబడింది. మా చేతిలో ఉన్నది ఆ గురువారం ఒక్కటే.

రంగప్ప గుడ్లు కొని పంపడం దేనికని ఖాళీ షెడ్డులో కోళ్ళు పెట్టాడు. తాళం తీసి నాలుగు పెట్టలను, ఒక పుంజును వదిలాడు. అన్ని నెలలు కాపలా కాసినందుకు ఇన్నాళ్ళకు లోపల కాపాడదగ్గవి వచ్చాయి.

ఎండలు ముదిరే ముందు ఒక చిన్న విమానం దారి తప్పి మా మీదుగా పోయింది. మనదే, బెంగుళూరిది. ఖాదరు మంచి చెవి ముందు పట్టుకుంది. నిద్ర తీరిన కళ్ళు కాబట్టి యేసురత్నం దాని రెక్కల గుర్తులు కూడా చదివాడు. నేను టెలిఫోను తిప్పాను. అన్ని పోస్టుల కంటే ముందు మా కబురే చేరిందట. మా కొంప ముంచింది ఆ మంచి పేరే.

రెండు వారాల తర్వాత, గురువారం, పొద్దున పది దాటాక గుట్ట కింద జీపు చప్పుడైంది. కెప్టెన్ వచ్చాడు. ఇంత బాగా పనిచేసే పోస్టు ఎలా నడుస్తుందో చూసి, మిగతా పోస్టులకు చెబుదామని వచ్చాడు. కోస్తా వైపు మనిషి, నలభై ఏళ్ళుంటాయి, నున్నగా దువ్విన తల. యేసురత్నం పొద్దున్నే లారీ ఎక్కేశాడు.

యుద్ధకాలంలో సెలవు లేకుండా పోస్టు విడిచిన మనిషి దొరికితే ఏమవుతుందో అందరికీ తెలుసు. యేసురత్నాన్ని జైల్లోనో, దూరపు యుద్ధంలోనో పడేస్తారు. హవల్దారు పట్టీలు ఊడతాయి. అదంతా అటుంచితే, వచ్చే గురువారం సుగుణమ్మ వాకిలి వైపు చూస్తుంది. ఎవరూ రారు. ఆమె లేచి ఇంటికి పోతుంది.

కెప్టెన్ దిబ్బ ఎక్కి ఆకాశం చూశాడు. దుర్భిణి చూశాడు. బాగుందన్నాడు. రంగప్ప కాఫీ తెచ్చాడు. అది కూడా బాగుందన్నాడు. ఇక పోతాడనుకున్నాం. అప్పుడు గుట్ట కింది నుంచి ఒకామె కొంగు బిగించుకుని మెట్లలాంటి బండల మీద చకచకా ఎక్కి వచ్చింది. గంగులమ్మ. మాకు పాలు పోసేది కూడా ఆమే. జీపు చూసి, పెద్ద దొర వచ్చాడని తెలుసుకుని మరీ వచ్చింది.

"నువ్వేనా అప్పా వీళ్ళకు పెద్ద?" అంది కెప్టెన్‌తో.

"నేనేనమ్మా. ఏమైంది?"

"మీ రైలు ముక్క మూగదయిపాయనా? గంట యాల కొట్టేది లేదు?"

గంట మానేసి పన్నెండు రోజులు. చింతచెట్టుకు ఒక మనిషిని కట్టేసినట్టుండేది కాబట్టి గురువారాలు ఇబ్బందయ్యేది. అడిగేవాళ్ళు లేరని మేము పాయసానికి బెల్లం కూడా కొని పెట్టుకున్నాం.

"గంటతో మీకేం పనమ్మా?" అన్నాడు కెప్టెన్.

గంగులమ్మ ఆయన వైపు జాలిగా చూసింది. కింద బావిని చూపించి విడమరిచి చెప్పింది. ఎద్దులు తోలుసంచితో నీళ్ళు లాగే కపిల ఒక్కటే. ఆమెకూ, ఆమె మరిదికీ సగం సగం. పొద్దున్నుంచి మధ్యాహ్నం గంట కొట్టేదాకా ఆమె ఎద్దులు, గంట తర్వాత అతని ఎద్దులు. ఈ పోస్టు వచ్చినప్పటి నుంచీ అదే కట్టు. పెద్దమనుషులు కూడా ఒప్పుకున్నారు.

"ఇప్పుడు వాడు పొద్దు నెత్తికి రాకముందే వొచ్చి నా ఎద్దుల్ని ఇప్పుతాండాడు. యాలరా అంటే, గంట కొట్టినారు, నీకు చెవుడు అంటాండాడు. నా మిరప మడి వాడిపోతాండాది. వీళ్ళు తిని పండుకోడానికా సర్కారు జీతమిచ్చేది?"

మేము సైన్యంలో అడిగేవాళ్ళనే లెక్కపెట్టాం. గుట్ట కింద ఒకరు రోజూ చెవులు రిక్కించి వింటున్నారని ఆరుగురిలో ఒక్కడికీ తోచలేదు. నాకు సిగ్గేసింది.

కెప్టెన్ హవల్దారు వైపు తిరిగాడు. "గంట ఎన్నాళ్ళ నుంచి లేదు?"

"పన్నెండు దినాలు సార్."

"ఇవాళ ఎవరి వంతు?"

"లాన్స్ నాయక్ యేసురత్నం వంతు సార్."

"పిలవండి."

"ఇంకొంచెం కాఫీ తీసుకోండి సార్," అన్నాడు రంగప్ప. ఎవరూ పట్టించుకోలేదు.

హవల్దారు కుంటికాలు సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. పక్కకు జరగలేదు. "మదనపల్లెలో ఉండాడు సార్. పెండ్లాం ఆసుపత్రిలో ఉండాది. ప్రతి గురువారం నేనే పంపిస్తాండాను. వాని తప్పు ఏమీ లేదు." అని, మొదటి నుంచీ చెప్పుకుపోయాడు. టెలిఫోను, బకెట్లు, సున్నం, ముసుగులు, షెడ్డు. ఒక్కటీ దాచలేదు.

కెప్టెన్ మొహం ఎర్రబడింది. "నన్ను అడగొచ్చు కదయ్యా."

"అడిగినాం సార్. పనులెక్కువ, సెలవు లేదన్నారు. అందుకని పనులు తక్కువ సేసుకున్నాం."

కెప్టెన్ విసవిసా షెడ్డు దగ్గరికి పోయి తలుపు లాగాడు. పుంజు ఆయన కాళ్ళ మధ్య నుంచి బయటికి దూకింది.

"ఇదేమిటి?"

"గుడ్లకు సార్," అన్నాడు రంగప్ప గొంతు తగ్గించి. "ఆయమ్మకు. డాక్టరమ్మ తినమనింది."

కెప్టెన్ షెడ్డు గడప మీద కూర్చున్నాడు. చాలాసేపు కోళ్ళనే చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు. "మధ్యాహ్నం రిపోర్టు ఎన్నాళ్ళుగా ఇవ్వడం లేదు?"

"నాలుగు నెలలు కావస్తాండాది సార్."

"నా ఆఫీసు నుంచి ఎవరూ అడగలేదూ?"

"లేదు సార్. బూట్లు అడిగినారు."

ఆయన భుజాలు కదిలాయి. ముందు దగ్గనుకున్నాను. కాదు, నవ్వు. ఆపుకోలేక కళ్ళు తుడుచుకున్నాడు. "నేను ఇప్పుడు మిమ్మల్ని శిక్షించాలంటే, నాలుగు నెలలు నేనేం చేస్తున్నానో పైవాళ్ళకు రాసివ్వాలి," అన్నాడు. మళ్ళీ నవ్వాడు. మాకు నవ్వొచ్చేంత ధైర్యం ఇంకా రాలేదు. యేసురత్నాన్ని ఏం చేస్తాడో అని అందరం ఎదురుచూస్తున్నాం.

ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నాడు. గదిలోకి వచ్చి నల్లబల్ల ముందు నిలబడ్డాడు.

"సెలవు ఇవ్వడానికి వీల్లేదు. కావాలంటే పని వేస్తాను. రాయి," అన్నాడు నాతో. "ప్రతి గురువారం, పుంగనూరు నుంచి మదనపల్లె వరకు టెలిఫోను తీగ తనిఖీ. మనిషి, లాన్స్ నాయక్ యేసురత్నం. రాత్రి బస మదనపల్లె. శుక్రవారం తిరుగు."

నేను రాశాను. "తనిఖీ రిపోర్టు ఎవురికి పంపాల సార్?"

"ఎవరికీ వద్దు."

"ఎవురన్నా అడిగితే సార్?"

"అడగాల్సింది నేను. నేను అడగను."

గడప దగ్గర గంగులమ్మ ఇదంతా వింటూ నిలబడి ఉంది. "అదంతా సరేప్పా. నా గంట సంగతేమి?" అంది.

"గంట కొడతారమ్మా. మధ్యాహ్నం ఒక్కటీ తప్పకుండా కొడతారు. మిగతా గంటలు..." ఆయన హవల్దారు వైపు చూశాడు. "మిగతా గంటల గురించి నేనేమీ వినలేదు."

ఖాదరు పోయి పన్నెండుకు గంట కొట్టాడు. గంగులమ్మ చింతచెట్టు కిందే నిలబడి అన్ని దెబ్బలూ లెక్కపెట్టుకుని, మరిదితో పోట్లాడటానికి కిందికి దిగిపోయింది. ఆమె గొంతు మాకు పైదాకా వినబడింది.

శుక్రవారం యేసురత్నం లారీ దిగగానే హవల్దారు బల్ల చూపించాడు. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. అక్కడే నేల మీద కూర్చుని మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. మేము బయటికి వచ్చేశాం. నాకూ ఏడుపొచ్చింది, పొగ అని చెప్పుకున్నాను.

అయితే యేసురత్నం ఎలాంటి మనిషంటే, తనిఖీ అని రాశారు కాబట్టి నిజంగానే తనిఖీ చేసేవాడు. లారీ వెనక మూటల మీద కూర్చుని పుంగనూరు నుంచి మదనపల్లె దాకా ప్రతి స్తంభాన్నీ తల పైకెత్తి చూస్తూ పోయేవాడు. మెడ పట్టేసి రంగప్ప దగ్గర నూనె రాయించుకునేవాడు. ఆ బల్ల మీద ఎవరికీ అక్కర్లేని పని అదొక్కటే మిగిలింది. దాన్ని ఒక్క వారం కూడా ఎగ్గొట్టనివ్వలేదు మేము. ఒకసారి ఆయనకే జ్వరమొస్తే, హవల్దారు కంబళి చుట్టి లారీ ఎక్కించాడు.

యుద్ధం అయిపోయింది. పోస్టు ఎత్తేశారు. ఇసుక మూటలు విప్పి పారబోశాం. రైలు పట్టా ముక్కను లారీలో ఎక్కించబోతే గంగులమ్మ వచ్చి చెట్టుకు అడ్డంగా నిలబడింది. హవల్దారు దాన్ని కొమ్మకే వదిలేశాడు. ఎవరూ అడగరులే అన్నాడు. నిజంగానే అడగలేదు. హవల్దారు, ఖాదరు కుప్పం వైపు లారీ ఎక్కారు. నేను నా విడుదల కాగితాల కోసం యేసురత్నంతో మదనపల్లె పోయాను.

ఆ రోజే సుగుణమ్మను ఆసుపత్రి నుంచి పంపిస్తున్నారు. నేను ఆమెను చూడ్డం అదే మొదటిసారి. చిన్న మనిషి. తెల్లచీర, జడ గట్టిగా అల్లుకుంది. వరండా దగ్గరికి ఇద్దరు మనుషులు కుర్చీ తెచ్చారు, గేటుదాకా మోసుకుపోవడానికి. ఆమె కుర్చీ వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"నడుస్తా," అంది.

"వద్దు సుగుణా, ఎండ," అన్నాడు యేసురత్నం.

"రెండేండ్లు పండుకునే ఉంటి. నడుస్తా. నువ్వు నన్ను పట్టుకోగూడదు."

అక్కడి నుంచి నేను ఊరికి బస్సెక్కాను. సాయంత్రానికి రామసముద్రంలో ఉన్నాను. యుద్ధంలో ఏం చూశావని ఇప్పటికీ అడుగుతారు. తుపాకులు, అడవులు, చచ్చినవాళ్ళు, అన్నీ చూశాను. చాలా మటుకు మర్చిపోయాను కూడా. మర్చిపోలేనిది ఆ ఆసుపత్రి దారి. పట్టపగలు ఎండ. ముందు సుగుణమ్మ, వెనక్కి తిరిగి చూడకుండా, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తోంది. ఆమె వెనక నా పొడుగు లాన్స్ నాయక్, పడితే పట్టుకోవడానికి రెండు చేతులూ చాపుకుని, ఎక్కడా ఆమెకు తగలకుండా, ఊపిరి బిగబట్టి, గేటుదాకా అట్లాగే నడుస్తున్నాడు.